బలవంతులు యుద్ధమును విడుచుట

దుర్బలుడు యుద్ధమునుండి యేల మరలెనని యెవ్వరును అడుగరు. బలము చాలలేదు, మరలెను. అంతటితో ఆ ప్రశ్న తీరును. బలవంతుడు మరలుటయే విచారింపదగిన విషయము. సైన్యము చెదరలేదు. ఆయుధశాలలు నిండియున్నవి. శత్రువు తన గడప తొక్కలేదు, తొక్కజాలడు. అట్టి మహారాజ్యములు దూరదేశములలో ఏండ్లతరబడి పోరాడి, తుదకు తలపెట్టిన పనిని సగములో విడిచి యిల్లు చేరుట గడచిన డెబ్బది యేండ్లలో పలుమారులు జరిగినది. ఫ్రాన్సు 1954లో ఇండోచైనాను, 1962లో అల్జీరియాను విడిచినది. అమెరికా 1973లో వియత్నామునుండి సేనలను మరలించుకొన్నది. సోవియట్ యూనియన్ 1989లో ఆఫ్గనిస్థానమును వీడినది. అదే దేశమును అమెరికా 2021లో వీడినది. ఈ యైదింటిలో పెద్ద రణమున ఓడి వెడలుట ఇండోచైనా విషయమున మాత్రమే కానవచ్చును. తక్కిన నాలుగు చోట్లను అట్టి ఓటమి లేకయే బలవంతుడు మరలెను.

నేను పాఠశాలలో తెలుగు చెప్పుచుండిన దినములలో, భారతయుద్ధపు ఘట్టము వచ్చినప్పుడెల్ల పై తరగతి పిల్లలలో నొకడు తప్పక లేచి, "మాస్టారూ, అంత విమానబలమున్న అమెరికా వియత్నాములో ఎందుకు గెలవలేదండీ?" అని అడుగుచుండెను. అడవులు దట్టములని కొందరు చెప్పుదురు. వార్తాపత్రికలు ప్రజల మనస్సు విరిచినవని కొందరు చెప్పుదురు. ధనము తరిగిపోయెనని మరికొందరు. ప్రతిదానిలోను కొంత నిజమున్నది. కాని ఆఫ్గనిస్థానమున వియత్నామువంటి అడవులు లేవు. సోవియట్ పత్రికలకు ప్రభుత్వమునకు ఇష్టము లేని మాట వ్రాయు స్వాతంత్ర్యము లేకుండెను. 2021లో అమెరికా ధనము లేక మరలలేదు. కావున మూలము వేరొకచోట వెదకవలసియున్నది.

మన ప్రాచీన రాజనీతిలో దీనికి ఆధారమైన మాట యొకటి కలదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున షాడ్గుణ్యమును వివరించుచు, సంధివలనను విగ్రహమువలనను కలుగు వృద్ధి సమానమైనచో సంధినే అవలంబింపవలెనని చెప్పెను. విగ్రహమునందు క్షయము, వ్యయము, ప్రవాసము, ప్రత్యవాయము అనునవి యుండుటయే ఆతడు చూపిన హేతువు. క్షయమనగా వాహనములును మనుష్యులును తరిగిపోవుట. వ్యయమనగా ధనధాన్యములు తరిగిపోవుట. ప్రవాసమనగా స్వస్థానమును వీడి పరభూమియందు నిలుచుట. ప్రత్యవాయమును పండితులు పలువిధముల వ్యాఖ్యానించిరి. చేసిన చెడుపు మరలివచ్చి చేసినవానినే తాకుటయని నేను గ్రహించుచున్నాను. క్షయవ్యయములను ఆధునికులు చక్కగా లెక్కించిరి. ప్రవాసమునకు మాత్రము తగిన విలువ నీయలేదని నా యభిప్రాయము.

వియత్నామున అమెరికా భటుడొకడు సాధారణముగా ఒక సంవత్సరము మాత్రమే పనిచేయుచుండెను. దిగిన దినమునుండియే యింటికి బోవు దినమును వ్రేళ్లపై లెక్కించుచుండెను. ఆ నేలలోని దారులు, మనుష్యుల ముఖములు, మాటతీరు కొంత తెలియవచ్చుసరికి ఆతని గడువు తీరును. ఆతని స్థానమున ఏమియు తెలియని మరియొకడు వచ్చును. ఎదుటివానికి గడువు లేదు. వాని పొలమచ్చటనే, పితరుల సమాధులచ్చటనే, యుద్ధము తీరిన పిమ్మట వాడు బ్రతుకవలసినదియు అచ్చటనే. ఒకనికి ఆ యుద్ధము తన రాజ్యము చేయు నూరు పనులలో నొకటి. రెండవవానికి అదియే సర్వస్వము. ఆండ్రూ మాక్ అను విద్వాంసుడు పెద్ద రాజ్యములు చిన్న యుద్ధములలో ఓడుటకు కారణము నరయుచు 1975లో ప్రకటించిన వ్యాసమున, ఈ పట్టుదలల భేదమునే ప్రధానముగా చూపెను. దుర్బలుడు గెలువనక్కరలేదు, ఓడక నిలిచియుండిన చాలును. బలవంతుడో, గెలిచి తీరవలెను. అదియును తనవారి యోర్పు నశింపకముందే గెలువవలెను.

1975 ఏప్రిలులో, సైగాన్ పతనమునకు కొలదిదినములు ముందు, హ్యారీ సమ్మర్స్ అను అమెరికా కర్నలు హనోయి నగరమున ఒక వియత్నాము కర్నలుతో మాటలాడుచు, రణభూమిలో మీరు మమ్మెన్నడును ఓడింపలేదని చెప్పెనట. అది నిజమే కావచ్చును గాని దానితో నిమిత్తము లేదని ఆ వియత్నామువాడు బదులు పలికెనట. సమ్మర్సే దీనిని తరువాత తన గ్రంథమున వ్రాసెను. ఇరువురును సత్యమే పలికిరి.

ఇంతవరకు బలవంతుడు ఏల మరలునో చెప్పితిని. ఇంతకంటె ముఖ్యమైన ప్రశ్న మరియొకటి యున్నది: ఎప్పుడు మరలును? గెలుపు లేదని తెలిసినప్పుడే మరలునని మనము తలంతుము. చరిత్ర అట్లు చెప్పుట లేదు. తెలియుటకును మరలుటకును నడుమ అనేక సంవత్సరములు గడచుచున్నవి.

అమెరికా అధ్యక్షుడైన లిండన్ జాన్సన్ 1964 మే 27వ తేదీన తన సలహాదారుడగు మెక్‌జార్జి బండీతో టెలిఫోనులో సంభాషించెను. ఆ సంభాషణ యంత్రముపై ముద్రితమై, తరువాతి కాలమున లోకమునకు వెల్లడియైనది. ఈ యుద్ధము చేయదగినదిగా తనకు తోచుటలేదనియు, అయినను బయటపడు త్రోవయు కానరాకున్నదనియు ఆతడు చెప్పెను. అప్పటికి వియత్నామున అమెరికా సైనిక సలహాదారులు సుమారు 16 వేలమంది మాత్రమే యుండిరి. యుద్ధసేనలు ఇంకను దిగనేలేదు. దా నాంగ్ తీరమున నావికాసైన్యము దిగినది 1965 మార్చి 8వ తేదీన. 1969 నాటికి అచ్చటి అమెరికా సైన్యము 5 లక్షల 43 వేలకు పెరిగినది. మొత్తమున 58 వేలకు పైగా అమెరికనులు మరణించిరి. వియత్నాము ప్రభుత్వము 1995లో ప్రకటించిన లెక్క ప్రకారము తమ పక్షపు యోధులు 11 లక్షలమందియు, ఉత్తర దక్షిణములు రెంటను పౌరులు 20 లక్షలమందియు మడిసిరి. ఇంతమంది ప్రాణములును, యుద్ధము చేయదగినది కాదని అధ్యక్షుడు తనలో తాననుకొనిన పిమ్మట పోయినవే అధికము.

మరి తెలిసియు ఏల దిగెను? దీనికి సమాధానము ఆ ప్రభుత్వపు కాగితములలోనే యున్నది. రక్షణశాఖలో ఉన్నతోద్యోగియగు జాన్ మెక్‌నాటన్ 1965 మార్చి మాసమున ఒక రహస్యపత్రమున అమెరికా ఉద్దేశములను పాళ్లు వేసి లెక్కించెను. అవమానకరమైన ఓటమిని తప్పించుకొనుట నూటికి 70 పాళ్లు. దక్షిణ వియత్నాము చైనా వశము కాకుండ చూచుట 20 పాళ్లు. అచ్చటి ప్రజలకు మేలైన స్వేచ్ఛాజీవనము కలుగజేయుట 10 పాళ్లు. పాతకాలపు లెక్కలో చెప్పవలెనన్న, రూపాయికి పదకొండణాల పైచిల్లర పరువు కొరకు; ఎవరి పేర యుద్ధము జరిగెనో వారి కొరకు అణాన్నర పైచిల్లర. ఇట్టి పత్రములను 1971 జూన్ 13వ తేదీనుండి న్యూయార్క్ టైమ్సు పత్రిక ప్రకటింప మొదలిడినప్పుడు ఆ దేశ ప్రజలకు తమవారేమి తలంచుచుండిరో తెలిసినది.

మన పల్లెలలో గట్టు తగవు లెరుగనివారుండరు. జానెడు గట్టుకై యిద్దరు రైతులు మునసబు కోర్టునుండి హైకోర్టుదాక పోవుదురు. మొదటి వాయిదానాడే ప్లీడరునకు ఫలితము తెలియును; రెండవ యేటికి రైతునకును తెలియును. ఖర్చయిన సొమ్ముతో పది గట్లు కొనవచ్చును. అయినను విడువడు. ఎదుటివాడు రచ్చబండ యొద్ద మీసము దువ్వునేమో యని వాని భయము. ఖర్చు పెరిగినకొలది, అంత ఖర్చు పెట్టి వట్టిచేతులతో మరలుట యెట్లను మాట మరింత బలపడును. నష్టమే పట్టుదలకు కారణమగుచున్నది. రాజ్యములును ఇట్లే చేయును. చచ్చినవారి చావు వ్యర్థము కారాదను వాదముతో మరికొందరిని చావునకు పంపుదురు. ఈ వాదము వినుటకు ఎంతో ధర్మబద్ధముగా నుండును; తర్కమునకు మాత్రము నిలువదు. పోయిన ప్రాణములు పంపబోవు ప్రాణములకు హేతువు కానేరవు గదా!

అభిమన్యునకు పద్మవ్యూహము ప్రవేశించుట తెలియును, వెలువడుట తెలియదు. ఆధునిక మహారాజ్యములను ఆతనితో పోల్చుట వాడుకయైనది. నాకాపోలిక సరిపడదు. అభిమన్యుని చుట్టును శత్రువులు నిలిచి దారి మూసిరి. ఈ రాజ్యములకు దారి యెన్నడును మూయబడలేదు. ఓడలు రేవులో నుండెను, విమానములు సిద్ధముగా నుండెను. ద్వారమునకు అడ్డముగా నిలిచినది వారి లజ్జ యొక్కటియే.

1968 జనవరి తుదిని, వియత్నామువారి సంవత్సరాది పండుగయగు టెట్ నాడు, నూటికి పైగా పట్టణములపై ఒక్కసారిగా దాడి జరిగినది. సైగాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయపు ప్రాంగణములోనికే కొందరు చొచ్చుకొనిరి. సైనికముగా ఆ దాడి విఫలమే. దాడి చేసినవారు మిక్కిలి నష్టపడిరి, వారు కోరిన ప్రజల తిరుగుబాటు కలుగలేదు. కాని రెండుమాసములు ముందుగనే సేనాపతి వెస్ట్‌మోర్‌లాండ్, యుద్ధాంతము కనుచూపుమేరకు వచ్చుచున్నదని స్వదేశమున ప్రకటించియుండెను. ఆ మాట విన్నవారు ఈ దృశ్యమును చూచిరి. ఓటమికంటె అబద్ధము బయటపడుట ఎక్కువ హాని చేసినది. పిమ్మట సేనాధిపతులు మరి 2 లక్షల 6 వేలమంది భటులు కావలెననిరి. అప్పుడే రక్షణమంత్రిపదవికి వచ్చిన క్లార్క్ క్లిఫర్డ్ వారిని ప్రశ్నింపసాగెను. ఇంతమంది చాలుదురా? చాలకున్న ఇంకెందరు? ఎంతకాలము? శత్రువు తగ్గుచున్న జాడ యేమైన నున్నదా? ఒక్కదానికిని నిశ్చయమైన యుత్తరము రాలేదని ఆయనయే మరుసటి యేట వ్రాసెను. నా దృష్టిలో ఆ గదిలోనే యుద్ధము ముగిసినది. మార్చి 31వ తేదీ రాత్రి జాన్సన్ ఉత్తర వియత్నాముపై బాంబులు వేయుట తగ్గింతుననియు, తాను మరల ఎన్నికలలో నిలువననియు ప్రకటించెను.

గదిలో ముగిసిన యుద్ధము నేలపై ముగియుటకు మరి యైదేండ్లు పట్టినది. 1969 జనవరిలో పదవికి వచ్చిన నిక్సన్ గౌరవముతో కూడిన శాంతిని కోరెను. సేనలను మెల్లమెల్లగా తగ్గించుచు, బాంబులను మాత్రము హెచ్చించుచు, యుద్ధమును కంబోడియాలోనికి కూడ వ్యాపింపజేసెను. స్వదేశమున అలజడి పెరిగెను. 1970 మే 4వ తేదీన ఒహాయో రాష్ట్రములోని కెంట్ విశ్వవిద్యాలయమున నలుగురు విద్యార్థులు స్వదేశ సైనికుల తుపాకులకే బలియైరి. 1971 ఆగస్టు 15వ తేదీన డాలరునకు బంగారము నిచ్చు కట్టుబాటును అమెరికా త్రెంచుకొన్నది. దానికి గల కారణములలో యుద్ధవ్యయము వలన పెరిగిన ధరలు నొకటి. తుదకు 1973 జనవరి 27వ తేదీన ప్యారిస్‌లో ఒడంబడిక జరిగెను. ఉత్తర వియత్నాము సేనలు దక్షిణమున తామున్న చోటనే యుండుటకు ఆ యొడంబడిక అడ్డుచెప్పలేదు. అనగా దేనిని ఆపుటకు యుద్ధము జరిగెనో అది ఆగలేదు. నిక్సన్ కాలమున మరణించిన అమెరికా భటులు 20 వేలకు పైబడిరి. గౌరవమునకు వారిచ్చిన మూల్యమిది. వియత్నామువారిచ్చినది ఇందులో చేరలేదు.

యుద్ధము నారంభించినవాడు దానిని ముగింపలేడనుట ఇంచుమించు నియమమువలె కనబడుచున్నది. ఇండోచైనా యుద్ధమును ముగించిన మెండెస్ ఫ్రాన్స్, 1954 జూన్‌లో ప్రధానియగుచునే నెలదినములలో సంధి కుదుర్పకున్న పదవి విడుతునని మాట యిచ్చి, ఆ మాట నిలుపుకొనెను; కారణము, ఆ యుద్ధపు భారమాయన తలపై లేదు. అల్జీరియాలో 1960 నాటికి ఫ్రెంచి సేన తిరుగుబాటుదారులను సైనికముగా చాలవరకు అణచినది. అయినను అణచిన దేశమును కలకాలము కావలి కాయవలెను గదా. ఆ కావలికి అంతము లేదని డిగాల్ గ్రహించెను. 1961 ఏప్రిలులో స్వంత సేనానులే తిరుగబడినను లెక్కచేయక, 1962 మార్చి 18వ తేదీన ఎవియాన్‌లో ఒడంబడిక చేసికొనెను. ఆయనయు ఆ యుద్ధమును ఆరంభించినవాడు కాడు. పైగా జర్మనీ ఆక్రమణ కాలమున దేశగౌరవమును నిలిపినవాడు. ఆయనను పిరికివాడని యనగల వారు తక్కువ. పరువు నిండుగా గలవాడే దానిని కొంత వ్యయపరుపగలడు.

ప్రజాప్రభుత్వములే యుద్ధములో త్వరగా అలసిపోవునని యొక వాదము కలదు. సోవియట్ యూనియన్ చరిత్ర ఆ వాదమును పూర్తిగా సమర్థింపదు. 1979 డిసెంబరు తుదివారమున ఆ సేనలు ఆఫ్గనిస్థానమున ప్రవేశించినవి. ఓట్లు వేసి ప్రభుత్వమును దింపు ఉపాయము అచ్చటి ప్రజలకు లేదు. మరణించిన భటులు తగరము వంటి జింకు లోహపు పెట్టెలలో సద్దులేక యింటికి వచ్చుచుండిరి. అయినను తల్లులకు తెలియక పోవునా? ఊరూర గుసగుసలు పుట్టినవి. 1985 మార్చిలో గోర్బచేవ్ అధికారమునకు వచ్చెను. 1986 ఫిబ్రవరిలో పార్టీ మహాసభయందు ఈ యుద్ధమును నెత్తురోడు గాయముతో పోల్చెను. ఇంత స్పష్టముగా పలికిన పిమ్మటను సేనలు పూర్తిగా మరలుటకు మూడేండ్లు పట్టెను. తమను నమ్మిన దేశములు తమ మాటను ఇక నమ్మవేమోనని మాస్కోలోను శంక. 1988 ఏప్రిల్ 14వ తేదీన జెనీవాలో ఒప్పందము జరిగి, 1989 ఫిబ్రవరి 15వ తేదీన సేనాపతి బోరిస్ గ్రోమోవ్ అమూ దరియా నదిపై వంతెనను కాలినడకను దాటి స్వదేశభూమిపై అడుగిడెను. సుమారు 15 వేలమంది సోవియట్ భటులు అప్పటికి మరణించియుండిరి. ఆఫ్గనులలో మడిసినవారి సంఖ్యను లక్షలలో చెప్పవలసియున్నది.

అమెరికావారి ఆఫ్గన్ యుద్ధమును గూర్చి విస్తరింపను. అది యందరి కనులయెదుట జరిగినదే. 2001 అక్టోబరు 7వ తేదీన మొదలై 2021 ఆగస్టు 30వ తేదీన ముగిసినది. ఎవ్వనిని పట్టుటకై ప్రధానముగా ఆ యుద్ధమునకు బోయిరో ఆ బిన్ లాడెన్ 2011 మే నెలలో పాకిస్థానమున హతుడయ్యెను. పిమ్మట పదియేండ్లు సేనలు అచ్చటనే యుండెను. 2019 డిసెంబరులో వాషింగ్టన్ పోస్టు పత్రిక ప్రకటించిన ప్రభుత్వ పత్రములు, యుద్ధము సాగు తీరుపై అధికారులు లోపల ఒక మాట, వెలుపల ఒక మాట చెప్పుచుండిరని తెలిపినవి. నలువది యెనిమిదేండ్ల క్రిందటి వియత్నాము పత్రముల కథయే మరల చదివినట్లుండెను.

ఇంత మూల్యమిచ్చి కాపాడదలచిన పరువు నిజముగా పోయినదా యని చూడవలెను. వియత్నాము పోయినచో ఆసియా దేశములన్నియు పేకముక్కలవలె వరుసగా కూలునని అమెరికా నాయకులు చెప్పుచుండిరి. 1975లో లావోస్, కంబోడియాలు కమ్యూనిస్టుల వశమైన మాట నిజము. అంతటితో ఆగినది. థాయిలాండు కూలలేదు, మలేషియా కూలలేదు. 1979లో కమ్యూనిస్టు చైనాయు కమ్యూనిస్టు వియత్నామును తమలో తామే యుద్ధము చేసినవి. 1995లో అమెరికా వియత్నాముతో దౌత్యసంబంధములు నెలకొల్పుకొన్నది. 2000 నవంబరులో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హనోయికి అతిథిగా పోయెను. మరలిన బలవంతుడు బలవంతుడుగానే మిగిలెను. సోవియట్ యూనియన్ 1991లో విచ్ఛిన్నమైనది గదా యని అడుగవచ్చును. దానికి ఆర్థికదుఃస్థితి, జాతుల కలహము, పార్టీలోని బలహీనత మొదలగు కారణములు మెండుగా నున్నవి. ఆఫ్గనిస్థానమునుండి మరలుటవలననే కూలెనని చెప్పుట సాహసము. అందు నిలిచియుండిన బాగుపడియుండెడిదని చెప్పుట అంతకంటె సాహసము.

బలవంతుడు మరలిన పిమ్మట ఆతనికి మిగులునది సిగ్గు మాత్రమే. దానిని కాలము మాన్పును. ఆతనిని నమ్మి పక్షము వహించిన స్థానికుల గతి యట్టిది కాదు. అల్జీరియాలో ఫ్రెంచి సేనలో చేరి పోరాడిన హర్కీలను నిరాయుధులను చేసి, ఎక్కువమందిని అచ్చటనే విడిచి ఫ్రాన్సు వెడలినది. వారిలో వేలకొలది జనులు 1962లో వధింపబడిరి. దక్షిణ వియత్నాములో ఓడిన పక్షపువారు లక్షలకొలది శిబిరములలో నిర్బంధింపబడిరి. లక్షలకొలది పడవలపై సముద్రము పాలైరి. కాబూలులో సోవియట్ పక్షపు నజీబుల్లా, ధనమును ఆయుధములును అందుచుండినంతకాలము, సేనలు మరలిన తరువాత కూడ మూడేండ్లు నిలిచెను. 1992లో సాయము ఆగిపోయెను, ఏప్రిలులో ఆతని ప్రభుత్వము కూలెను. ఐక్యరాజ్యసమితి కార్యాలయములో తలదాచుకొని నాలుగేండ్లకు పైగా బ్రతికెను. 1996 సెప్టెంబరులో తాలిబానులు కాబూలులో ప్రవేశించి, ఆతని నీడ్చుకొనిపోయి చంపి, వీధిలో వ్రేలాడదీసిరి.

2020 ఫిబ్రవరి 29వ తేదీన దోహాలో అమెరికాకును తాలిబానులకును కుదిరిన ఒప్పందముపై కాబూలు ప్రభుత్వపు సంతకము లేదు. పదునెనిమిది మాసములు తిరుగకముందే, 2021 ఆగస్టు 15వ తేదీన, ఆ ప్రభుత్వమే లేదు. తరువాతి రెండు వారములలో అమెరికావారును వారి మిత్రులును లక్షకు పైగా జనులను విమానములలో తరలించిరి. దుబాసీలుగా, వాహనములు నడుపువారుగా, లేఖకులుగా పరసేనకు పనిచేసినవారు తమ యోగ్యతాపత్రములను ప్లాస్టిక్ సంచులలో చుట్టుకొని, పిల్లలను భుజముల నెత్తుకొని, విమానాశ్రయపు గోడ ప్రక్కనున్న మురికి కాలువలో మోకాలిలోతు నీటిలో నిలిచి, పై నున్న భటులకు ఆ కాగితములు చూపుచుండిరి. 26వ తేదీన ఆ గుంపునడుమ బాంబు ప్రేలి సుమారు 170 మంది ఆఫ్గనులును 13 మంది అమెరికా సైనికులును చనిపోయిరి. నాలుగు దినములకు, అర్ధరాత్రికి కొంచెము ముందు, కడపటి విమానము లేచెను. పత్రములు చేతబట్టుకొనియే నగరమున మిగిలినవారు వేలకొలది యుండిరి.